ఇరవయ్యో ఆరోగ్యవంతుడు

ఆదివారం, మధ్యాహ్నం

మరదలు పిల్లకి,

యాభై దాటిన దాన్ని పట్టుకుని ఇంకా పిల్ల ఏమిటని కిందటి ఉత్తరంలో కసిరావు. నోటికి పట్టిన అలవాటు, ఏం చెయ్యను. ఇక్కడ ఇల్లు క్షేమం. నువ్వు నాటిన కుండీలు క్షేమం. ఎదురింటి టైలరు క్షేమం, అతని మిషను చప్పుడు మరీ క్షేమం. అక్కడ నువ్వూ, నీ హాస్టలు పిల్లలు నలభై ముగ్గురూ, మెట్ల మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్న మీ వంటావిడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా సంగతి కూడా ఇందులోనే ఉంది. నెమ్మదిగా వస్తాను. నీకు పుస్తకమైనా ఉత్తరమైనా చివరి పేజీ ముందు చదివే గుణం ఉంది, ఈ ఒక్కసారికి ఆపుకో.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

వంటింట్లో కుళాయి బాగుచేయించాను. వచ్చిన ప్లంబరు గిన్నెల వంక చూసి, "ఇంట్లో ఆడవాళ్ళు లేరా అండీ" అన్నాడు. "ఉన్నారు, ఊళ్ళో లేరు" అన్నాను. వాషరు మార్చి పోయాడు. కారడం ఆగింది. ఆ పూటంతా ఇంట్లో ఏదో తగ్గినట్టుండి, ఏమిటా అని చాలాసేపు వెతుక్కున్నాను. ఆ బొట్టు పడే చప్పుడు. అది కూడా ఒక తోడే అని అప్పుడు తెలిసింది.

వంట ఒకపూట చేసి రెండుపూటలా తింటున్నాను. కాబట్టి "తింటున్నావా, తిన్నానని రాస్తున్నావా" అన్న నీ వెటకారానికి జవాబు, తింటున్నాను. భోజనాల బల్ల దగ్గర నీ కుర్చీలో ఇస్త్రీ చొక్కాలు పెట్టుకుంటున్నాను. నువ్వొచ్చాక తీసేస్తాలే. ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని తినడం కంటే చొక్కాలకి ఎదురుగా కూర్చుని తినడం నయంగా ఉంది.

ఫోను ఎందుకు ఎత్తవు, ఎత్తినా రెండు ముక్కలు మాట్లాడి ఎందుకు పెట్టేస్తావని అడిగావు. పొద్దుటి నడక మానలేదు కదా అని కూడా అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒక్కటే. అది కిందకి వస్తుంది.

మీ పిల్లలు "మీ ఆయన ఏం పని చేస్తాడు" అని అడిగితే, నువ్వు రక్తం అని సైగ చేశావనీ, వాళ్ళు నన్ను కసాయి అనుకుని జాలిపడ్డారనీ రాశావు. చదివి ఒక్కణ్ణే నవ్వాను. ఎదురింటి టైలరు కిటికీలోంచి తొంగి చూశాడు కూడా. వినపడని పిల్లలకి చేతులతో చెప్పేలా నా పనేమిటో రాయమన్నావు కదా. రాస్తాను. చేతులతో చెప్పొచ్చు, చాలా సుళువు.

ఎడమచెయ్యి పిడికిలి బిగించమను. అది తెల్లకణం. ఒంట్లోకి ఏ క్రిమి దూరినా పట్టుకోడానికి తిరిగే కాపలావాడు. కుడిచేతి చిటికెనవేలి కొన చూపించమను. అది ప్లేట్‌లెట్. నూకంత ఉంటుంది, కానీ వేలు తెగితే పరిగెత్తుకొచ్చి చిల్లు పూడ్చేది అదే. మంచి నెత్తురులో పిడికిలీ చిటికెనవేలూ పక్కపక్కనే పోతుంటాయి, ఎవరి పని వాళ్ళది. రక్తనాళం లోపలి గోడ పాడై గరుకెక్కినప్పుడే చిక్కు. తెగిన గాయం లేకపోయినా ప్లేట్‌లెట్లు ఉందనుకుని మేలుకుంటాయి. మేలుకున్న ప్లేట్‌లెట్ ఒంటి మీదికి కొక్కెం లాంటిది ఒకటి పొడుచుకొస్తుంది. ఇక్కడ చిటికెనవేలు వంచమను. ఆ కొక్కెంతో అది పోయే తెల్లకణాన్ని తగులుకుంటుంది. తగులుకుని ఊరుకోదు, దాన్నీ మేల్కొల్పుతుంది. రెండూ కలిసి గోడకి అతుక్కుంటాయి. తెల్లకణం గోడలోకి దూరి అక్కడ వాపు పెడుతుంది, వాచిన గోడ మరిన్ని ప్లేట్‌లెట్లని లేపుతుంది. ఒకళ్ళనొకళ్ళు ఎగదోసుకునే ఇద్దరు తగవులమారులన్నమాట. ఏళ్ళు గడిచేసరికి గొట్టం సన్నబడుతుంది. గుండెలో అయితే గుండెపోటు. కాళ్ళలో అయితే నడిస్తే నొప్పి, ముదిరితే వేళ్ళు నల్లబడడం.

నా మిషను ఈ కణాల్ని ఒక్కొక్కటిగా వరుస కట్టించి సన్నటి వెలుగు ముందునుంచి పంపిస్తుంది. తెల్లకణాలకి ఒక రంగు, ప్లేట్‌లెట్లకి ఒక రంగు పట్టిస్తాం. రెండు రంగులూ ఒక్కసారే మెరిస్తే అవి కలిసి అతుక్కున్నాయని లెక్క. ఎన్ని జంటలున్నాయో మిషను చెబుతుంది. పొద్దస్తమానం నేను చూసేది అదే. ఇప్పుడైనా కసాయి పేరు పోతుందేమో చూడు.

ఇక నా సంగతి.

మా పెద్ద డాక్టరమ్మ ఈ జంటల మీదే ఒక పరిశోధన పెట్టింది. కాళ్ళ నాళాలు మూసుకుపోతున్న రోగులు నలభై మంది, వాళ్ళతో పోల్చిచూడ్డానికి అదే వయసు ఆరోగ్యవంతులు ఇరవై మంది. రోగులకేం, ఆసుపత్రి కదా, దొరికారు. ఆరోగ్యవంతులే దొరకలేదు. మా వయసులో షుగరు లేకుండా, బీపీ లేకుండా, పొగ అలవాటు లేకుండా ఉన్నవాణ్ణి పట్టుకోవడం అంత తేలికా? చచ్చీచెడీ పంతొమ్మిది మందిని పోగుచేశాం. ఇరవయ్యో మనిషి కోసం తల పట్టుకుని కూర్చున్నప్పుడు డాక్టరమ్మ నా వైపు చూసి నవ్వింది. "అయ్యో, ఎక్కడెక్కడో వెతుకుతున్నాం, మీరున్నారుగా" అంది.

కాగితం ఇచ్చారు. ఏడో ప్రశ్న, పొగ తాగుతారా. నేను పెన్ను పట్టుకుని ఉన్నాను, పక్కన నెత్తురు తీసే సిస్టర్ దూది చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నీకు చెప్పానే, సూది పెడితే దోమ కుట్టినంత కూడా తెలియదని రోగులందరూ దోమక్క అని పిలుస్తారని, ఆవిడ. ముప్పై ఏళ్ళుగా అదే పని. నేను సిగరెట్టు మానేసిన రోజున లాబ్ మొత్తానికి టీ తెప్పించింది ఆవిడే. "తమ్ముడు మగాడు రా" అని అందరికీ చెప్పుకుంది. ఆ మనిషి ముందు "లేదు" అని రాశాను.

అది అబద్ధం. ఆ కాగితం రాయడానికి అరగంట ముందు మెట్ల దగ్గర నిలబడి ఒకటి కాల్చి వచ్చాను.

ఇక్కడ ఆగి నీ ముఖం ఊహించుకున్నాను. అందుకే పెన్ను కింద పెట్టి కుండీలకి నీళ్ళు పోసి వచ్చి మళ్ళీ రాస్తున్నాను.

నేను నిజంగానే మానేశాను. మూడేళ్ళు ముట్టలేదు, అందులో కల్తీ లేదు. నువ్వు వెళ్ళిన పదమూడో రోజున మళ్ళీ మొదలుపెట్టాను. ఏమీ జరగలేదు ఆ రోజు. పని నుంచి వచ్చి తాళం తీశాను. పొద్దున నేను తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంది. దాన్నెవరూ కదపలేదు. కదిపేవాళ్ళు లేరు కాబట్టి కదపలేదు, అందులో వింతేముంది. కానీ నేను చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగి వీధి చివర దుకాణానికి పోయి ఒక పెట్టె కొనుక్కున్నాను. నిన్ను తప్పుపడుతున్నానని అనుకోకు. ఆ ఉద్యోగం వచ్చినప్పుడు నువ్వు తటపటాయిస్తే, "మనకి పిల్లలు లేరని ఇన్నేళ్ళు కుమిలిపోయావు, ఒక్కసారే నలభై మంది వస్తున్నారు, పో" అని పంపించింది నేనే. ఇప్పుడు అడిగినా అదే అంటాను. ఒంటరితనం నాది, దానికి పొగబెట్టింది కూడా నేనే.

అదీ ఫోను సంగతి. నా దగ్గు వింటే నువ్వు పట్టేస్తావు. ఉత్తరంలో దగ్గు వినపడదు.

ఆ కాగితం రాసిన మర్నాడు, దోమక్క తీసిన నా నెత్తురు నేనే మిషనులో పెట్టాను. మా మిషను మీద ఆరోగ్యవంతుల్లో నూరు తెల్లకణాలకి పదీ పదిహేనూ జంటలు కనపడుతున్నాయి. నాకు ముప్పై ఎనిమిది వచ్చింది. రోగుల వరుసలో కూర్చోబెట్టినా నప్పే అంకె అది. అయినా ఎందుకో భయం వెయ్యలేదు, సిగ్గేసింది. గబగబా లెక్కలు పంపేశాను.

డాక్టరమ్మ ఆ అంకె దగ్గర ఆగిపోయింది. "ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇంత రాదే. నెత్తురు తీయడంలో ఏదో తేడా జరిగింది" అంది. ఆవిడ అనుకోవడంలో తప్పులేదు. చేతికి కట్టిన పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా, సూది సరిగా పడక లోపల కదిలినా, ప్లేట్‌లెట్లు ఊరికే మేలుకుని తెల్లకణాల్ని పట్టుకుంటాయి. అంటే జబ్బు లేకపోయినా జబ్బులా కనపడుతుంది. ఆ వారం దోమక్క తీసిన నెత్తుర్లన్నీ పక్కన పెట్టించింది. "వయసు మీదపడుతోంది కదమ్మా, చెయ్యి అలిసిపోయి ఉంటుంది, కొన్నాళ్ళు కట్లు కట్టే గదిలో చెయ్యి" అని మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పినా మాట మాటే కదా.

డాక్టరమ్మ ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ట్యూబుల మీద చీటీలు అంటిస్తున్నాను. నోరు విప్పితే అయిపోయేది. విప్పలేదు.

మూడు వారాలు అలా గడిచాయి. ఆవిడ చోటుకి వచ్చిన సిస్టర్ మంచిదే, కానీ చెయ్యి బరువు. బొటనవేలు నల్లబడిన ముసలాయన ఒకడు రెండు బస్సులు మారి వచ్చి, "మా దోమక్క ఏది? ఆవిడ లేకపోతే నేను చెయ్యి ఇవ్వను" అని బెంచీ మీద మంకుపట్టు పట్టి కూర్చున్నాడు. నన్నే అడిగాడు. తెలియదన్నాను.

ఆ ముసలాయన వచ్చిన వారంలోనే ఒకరోజు భోజనాల వేళ దోమక్క నా గదికి వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది. రెండు చేతులూ చాపి నా ముఖం ముందు పెట్టింది.

"తమ్ముడూ, కాస్త చూసి చెప్పు. వణుకుతున్నాయా?"

నేను చూశాను. ఆ చేతులు రాయిలా నిలకడగా ఉన్నాయి.

"నాకేమీ కనపడట్లేదు. రోజూ ఇంటికెళ్ళి సూదిలో దారం ఎక్కించి చూసుకుంటున్నా. మొదటిసారికే ఎక్కుతోంది. అయినా మా అమ్మాయితో అంటే, పెద్దదానివయ్యావు కదమ్మా, ఇంక మానెయ్యి అంటోంది. నా ట్యూబులు ఇన్నేళ్ళూ చూసినవాడివి నువ్వు. నీకైతే తెలుస్తుంది. పోయిన నెలలో నా చేతిలో ఏమైనా తేడా వచ్చిందా? ఉంటే చెప్పు, రాజీనామా పెట్టేస్తా. రోగిని ఏడిపించి పని చెయ్యడం నాకిష్టం లేదు."

నీకు తెలుసు, నాకు ఏడుపు తొందరగా రాదు. అప్పుడు వచ్చింది.

"తేడా నీ చేతిలో లేదక్కా" అన్నాను. "నా నెత్తురులోనే ఉంది."

చెప్పాను. మెట్ల దగ్గర సంగతీ, ఏడో ప్రశ్న సంగతీ, అన్నీ. ఆవిడ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి కాసేపు. తర్వాత కిందకి దించింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొదటిరోజు నుంచీ."

"ఆవిడ నన్ను మాట అన్నప్పుడు ఇక్కడే ఉన్నావు కదూ."

"ఉన్నాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మాట పడినందుకు కాదు తమ్ముడూ నా బాధ" అంది. "పడ్డ మాటలు చాలా ఉన్నాయి, దులుపుకున్నా. నా చేతిని నేనే నమ్మకుండా చేశావు చూడు. అది." తలుపు తీసి, "పద" అంది. ఇద్దరం డాక్టరమ్మ గదికి వెళ్ళాం.

డాక్టరమ్మ పూర్తిగా వింది. గొంతు పెంచలేదు. "రోగులు నాతో అబద్ధమాడితే భయపడ్డారులే అనుకుంటాను. మీరు మిషను ముందు కూర్చునే మనిషి. ఒక్క అబద్ధపు అంకె ఎంతమంది మీద పడుతుందో మీకు నేను చెప్పాలా?" అంది. ముందు దోమక్కని కూర్చోబెట్టి, తొందరపడ్డానని ఒప్పుకుని, క్షమించమని అడిగింది. పక్కన పెట్టిన నెత్తుర్ల లెక్కలు మళ్ళీ కలిపింది. నా పేరు ఆరోగ్యవంతుల జాబితాలోంచి కొట్టేసి, జరిగింది జరిగినట్టు పరిశోధనల కమిటీకి రాసింది. ఆరునెలలు నేను మిషను ముట్టుకోకూడదు. కింద కిటికీ దగ్గర కూర్చుని వచ్చిన ట్యూబులు తీసుకుని నెంబర్లు వేస్తున్నాను. న్యాయమే. ఉద్యోగం పోలేదు, అదే ఎక్కువ.

నేను లేచి వస్తుంటే, "ఆగండి" అంది. "సిగరెట్టు తాగిన వెంటనే ఈ జంటలు పెరుగుతాయి, నిజమే. కానీ ముప్పై ఎనిమిది అంటే నాకు నచ్చట్లేదు. నడిస్తే కాలు నొప్పి పుడుతోందా?"

ఇదిగో నీ రెండో ప్రశ్న ఇక్కడికి వచ్చింది. ఏడాదిగా నడిస్తే నా కుడి పిక్క పట్టేస్తోంది. మొదట్లో చెప్పులనుకున్నాను, మార్చాను. తర్వాత వయసనుకున్నాను, దాన్ని మార్చలేకపోయాను. వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది కదా, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నొప్పి మొదలయ్యేది. ఎవరైనా చూస్తారని అద్దంలోకి చూస్తూ నిలబడేవాణ్ణి. రెండు నిమిషాలు ఆగితే తగ్గేది. రెండుసార్లు దుకాణదారు లోపలికి రమ్మన్నాడు. మూడోసారి వెళ్ళక తప్పలేదు. కళ్ళు పరీక్ష చేయించుకుని, చూపు బ్రహ్మాండంగా ఉందనిపించుకుని బయటపడ్డాను. ఆ తర్వాత నడకే మానేశాను. నీకు మాత్రం "రోజూ నడుస్తున్నాను" అని రాశాను. నాలుగు ఉత్తరాల్లో రాశాను, లెక్కపెట్టుకున్నాను.

ఈ కళ్ళజోళ్ళ కథ చెబితే డాక్టరమ్మ నవ్వలేదు. "అలా దుకాణాల ముందు ఆగేవాళ్ళే నా రోగులు" అని, ప్యాంటు మడవమని పాదం మీద వేలు పెట్టి నాడి వెతికింది. ఎడమకాలికి దొరికింది. కుడికాలికి చాలాసేపు వెతికింది. బీపీ పట్టీ చేతికీ, మడమ పైనా కట్టి రెండూ పోల్చింది. కుడికాలి ఒత్తిడి చేతి ఒత్తిడిలో మూడింట రెండొంతులే ఉంది. మర్నాడు స్కాన్‌లో తొడ దగ్గర నాళం సన్నబడినట్టు తేలింది. ఇంతకాలం వెలుగు ముందు ఎవరెవరి జంటలో లెక్కపెట్టాను. అవి నా కాల్లోనే కాపురం పెట్టాయని తెలియలేదు.

భయపడకు. కాలు తీసేసే దశ కాదు. వేళ్ళు ఎర్రగానే ఉన్నాయి, ఇప్పుడే మళ్ళీ చూసుకున్నాను. ప్లేట్‌లెట్ల దూకుడు తగ్గించే బిళ్ళ ఒకటి, కొవ్వు కరిగించేది ఒకటి ఇచ్చారు. రోజూ నడవాలి, నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. అలా చేస్తే చుట్టుపక్కల చిన్న నాళాలు బలపడి దారి ఇస్తాయట. సిగరెట్టు మాత్రం మానకపోతే ఏ బిళ్ళా పనిచేయదని కుండ బద్దలుకొట్టినట్టు చెప్పింది. మానేసి పంతొమ్మిది రోజులైందని రాయబోయాను. మధ్యలో ఎనిమిదో రోజున ఒకటి వెలిగించి సగంలో పారేశాను. కాబట్టి పదకొండు రోజులు.

మొన్న శుక్రవారం మందులు పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి నెత్తురు ఇవ్వాల్సి వచ్చింది. వెళ్ళేసరికి నెత్తురు తీసే కుర్చీ పక్కన దోమక్క ఉంది, తిరిగి తన చోటుకి వచ్చేసింది. పలకరించలేదు. రోగులకి చెప్పినట్టే "చొక్కా చెయ్యి మడవండి" అంది. మీరు అంది. సూది పెట్టింది. ఎప్పటిలాగే తెలియలేదు. ట్యూబు నిండుతుండగా నా రోగి కార్డు తీసి ఒక్కొక్క ప్రశ్నా పైకి చదివింది, క్యూలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. పొగ అలవాటు దగ్గర ఆగింది. "ఉంది. మానే ప్రయత్నంలో ఉన్నాను" అన్నాను. రాసుకుంది. కింద ఒక గడి ఉంది. జబ్బు సంగతి తెలిసిన ఇంటి మనిషి, పేరు, ఫోను నెంబరు.

"ఎవరి పేరు రాయను?" అంది.

నేను నీ పేరు చెప్పబోయి ఆగాను. ఆవిడకి అర్థమైపోయింది. సూది తీసి దూది పెట్టి, నా చెయ్యి తనే మడిచింది. కార్డు నా జేబులో పెట్టి, "వచ్చే శుక్రవారం మళ్ళీ రా తమ్ముడూ. అది నింపుకుని రా" అంది.

ఆ కార్డు ఇప్పుడు నా ఎదురుగా బల్ల మీద ఉంది. పెన్ను చేతిలోనే ఉంది, నీ పేరు ఇప్పుడే రాసెయ్యొచ్చు. కానీ నువ్వు ఈ ఉత్తరం చదివేదాకా అది ఇంకో అబద్ధమే అవుతుంది. అందుకని ఖాళీగానే ఉంచాను. నీకు బుధవారానికి అందుతుంది. కోపం వస్తే కోపమే రాయి, తిట్టాలనిపిస్తే తిట్టు. శుక్రవారం లోపు చదివాను అని ఒక్క ముక్క ఫోనులో చెప్పినా చాలు, ఆ గడి నింపుకుంటాను.

ఇట్లు,
నిన్ను నమ్మించినవాడూ, నిన్నే నమ్ముకున్నవాడూ అయిన
నీ బావ